మరియమ్మకు కాయం

ఆ ఊళ్ళో పాతికేళ్ళ లోపు వాళ్ళలో యాకమ్మ చేతుల మీద పుట్టనివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్ళలో ఒకడు ఆమె సొంత మనవడు. ఆ బాధ నాలుగేళ్ళయినా మానలేదు.

నెల్లికుదురు దగ్గరి ఆ పల్లెకు ఆమె మంత్రసాని. ఆమె పక్క ఊరికి కాన్పు చేయబోయిన రోజున కోడలు రాజమణికి నొప్పులొచ్చాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగాడని కొడుకు బిక్షపతి బండి కట్టి మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు. తల్లీ బిడ్డా క్షేమంగా వచ్చారు, వస్తూ వస్తూ ఏసుప్రభువును కూడా వెంట తెచ్చుకున్నారు. ప్రభువుతో యాకమ్మకు పేచీ లేదు, దేవుళ్ళ విషయంలో ఆమెకు పట్టింపు తక్కువ. ఊరందరికీ పురుడు పోసిన చేయి ఇంటి కోడలికి పనికిరాలేదా అన్నదే ఆమె కడుపుమంట. ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకొని పెరట్లో కొట్టం వేసుకుంది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇప్పుడు రాజమణికి మళ్ళీ ఎనిమిదో నెల. ఈసారి కాన్పు ఎక్కడని యాకమ్మ అడగలేదు, రాజమణి చెప్పలేదు.

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. క్రిస్మస్ ముందురోజు ఇంట్లో రాజమణి సకినాలు చుడుతోంది. బిక్షపతి వెదురు బద్దల చుక్కకు రంగు కాయితాలు అంటిస్తున్నాడు. ఏడేళ్ళ రాధ, నాలుగేళ్ళ మహిపాల్ గడపకు లోపలగా వరిగడ్డితో పశువుల పాక కట్టి మట్టిబొమ్మలు పెడుతున్నారు. యాకమ్మ వాకిట్లో కూర్చొని బియ్యం చెరుగుతూ చూడనట్టే చూస్తోంది.

"గీమె ఎవరే?" అంది చివరికి.

"మరియమ్మ, అవ్వా. గిప్పుడే బిడ్డను కన్నది," అంది రాధ.

"గిప్పుడే కంటే గట్ల గుంజ లెక్క కూసోవెట్టినవేంది? పండవెట్టు. నడుములు పోతయి."

రాధ బొమ్మను పడుకోబెట్టింది.

"కాన్పు ఎవరు చేసిండ్రు?"

"ఎవరు లేరు. ఊరోళ్ళు జాగ ఇయ్యలే. కొట్టంలనే కన్నది."

"బొడ్డు ఎవరు కోసిండ్రు?"

ఆదివారం బడిలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. "జోసెపయ్య కావచ్చు," అంది రాధ ఆలోచించి.

"మొగోడా?" యాకమ్మ చాట కింద పెట్టింది. "కాయం వెట్టినోళ్ళు గూడ లేరా?"

"లేరవ్వా."

"నిండు నెలల మనిషి తలుపు కొడితే జాగ ఇయ్యరా? గదీ ఒక ఊరేనా?"

బెత్లెహేమువాళ్ళు దూరాన ఉన్నారు కాబట్టి బతికిపోయారు. ఆమె తిట్టుకుంటూనే కొట్టంలోకి పోయి పొయ్యి రాజేసింది. శొంఠి, మిరియాలు, వాము దంచి బెల్లంతో ఉడికించి, బాలింతలకు పెట్టే కాయం చేసింది. చిన్న గిన్నెలో తెచ్చి గడప దగ్గర ఆగిపోయింది.

"ఇయ్యవ్వా, నేను వెడ్త," అని రాధ చేయి చాచింది.

యాకమ్మ ఇవ్వలేదు. మొదటి కాయం మంత్రసాని చేత్తోనే పెట్టాలి.

రాజమణి పిండి చేతులతోనే లేచి వచ్చింది.

"ఈసారి గూడ దవాఖానకే పోవాలె, అత్తా," అంది తల వంచుకొని. "డాక్టరమ్మ గట్లనే చెప్పింది."

యాకమ్మ ముఖం మాడిపోయింది.

"కాని నువ్వు నాతోని రావాలె. పోయినసారి గంతమంది ఉన్నరు గని, ఎవరి చెయ్యి పట్టుకోవాల్నో తెలువలే. అత్తా, అత్తా అని మొత్తుకున్న."

నాలుగేళ్ళలో ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. యాకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా బెట్టు వదలలేదు.

"చెయ్యి పట్టుకునేదానికి మంత్రసాని ఎందుకే?"

"మంత్రసాని కాదు. నాకు మా అత్త కావాలె."

యాకమ్మ గిన్నెను రాధ చేతిలో పెట్టి గడప దాటింది.