పంపు బయటికొచ్చే దారి

అమెరికాలో కెన్నెబెక్ నది ఒడ్డున, యుద్ధనౌకలు కట్టే చోట, ఒక పెద్ద షెడ్డులో ఇంకా పుట్టని డిస్ట్రాయర్ నౌక కడుపంతా నమూనాగా ప్లైవుడ్డుతో కట్టి ఉంది. గోడలు చెక్క, తలుపులు చెక్క, క్షిపణుల గొట్టాలూ చెక్కే. ఆ మంగళవారం పొద్దున, నౌకల పటాలు గీసే మార్లీన్ తిబొడోకి మాత్రం అందులో ఒక్క పంపే కనబడుతోంది. అదీ చెక్కదే.

రాడార్‌ని చల్లబరిచే పంపు అది. నడిసముద్రంలో పాడైతే పాతదాన్ని బయటికి లాగి, కొత్తదాన్ని లోపలికి తేవాలి. నావికుల భోజనశాల మీదుగా తేవచ్చని మార్లీన్ పదకొండు నెలలు కూర్చుని దారి గీసింది. రేవుకొచ్చాక డెక్కు కోసి పైకి లాగితే సరిపోతుందంటాడు ఆమె పై అధికారి, బక్కపలచటి బట్టతల హార్లన్ ప్రాట్. పంటినొప్పికి దవడ కోయడమంటే ఇదేనని మార్లీన్ అభిప్రాయం. ఇవాళ ఆమె దారి నెగ్గకపోతే రాబోయే పన్నెండు నౌకలకూ దవడకోత ఖాయం.

షెడ్డు రివాజు ప్రకారం పంపుకి నీలం సుద్దపొడి పూశారు. మోసుకెళ్తుంటే గోడకి ఎక్కడ నీలం అంటినా దారి రద్దు. తీర్పు చెప్పడానికి నౌకాదళం నుంచి కమాండర్ కోవాల్స్కీ టార్చిలైటు పట్టుకుని వచ్చింది.

నలుగురు వడ్రంగులు పంపు ఎత్తారు. భోజనశాల మలుపు దగ్గర పంపుకి రెండు వేళ్ల సందు మిగిలింది. వడ్రంగి ఒమర్‌కి మాత్రం మిగల్లేదు.

"ఊపిరి బిగబట్టరా ఒమర్!" అని అరిచాడు పక్క వడ్రంగి.

"బిగబట్టే ఉన్నా! ఇది గాలి కాదు, శనివారం చర్చి విందులో తిన్న బీన్సు!"

పంపుని వాటేసుకున్న పొట్ట గోడకి రాసుకుంది. పున్నమి చంద్రుడంత నీలం ముద్ర పడింది.

"నీలం!" హార్లన్ గెంతినంత పని చేశాడు. "అయిపోయింది తల్లీ, నీ దారి."

"పంపుకి మూలలుంటాయి హార్లన్. అది ఒమర్ పొట్ట."

"పొట్టదైనా నీలం నీలమే."

కమాండర్ నవ్వాపుకుంటూ అంది. "మార్లీన్ గారూ, పంపు తనంతట తాను నడిచి రాదు కదా. మోసేవాళ్లకి చోటేదీ?"

మార్లీన్ చేతిలోని పటం విప్పి చూసుకుంది. ప్రతి మరా, ప్రతి గొట్టమూ గీసింది, మనిషినే మర్చిపోయింది. ఆ ఆఫీసులో మనుషుల్ని ఎవరూ గీసిన పాపాన పోలేదనుకోండి, అయినా సిగ్గు సిగ్గే.

"భోజనం వేళదాకా చూస్తాను," అంది కమాండర్.

భోజనం అనగానే మార్లీన్ చూపు గట్టు మీద పడింది. నావికులు పళ్లేలు జరుపుకుంటూ పోయే పొడవాటి గట్టు, మలుపు చుట్టూ తిరిగి అవతలి తలుపు దాకా ఉంది.

"దీని మీద తోసుకెళ్దాం! ముందొకరు, వెనకొకరు. పక్కన ఎవ్వరూ వద్దు!"

"పళ్లేలు పెట్టుకునే గట్టమ్మా అది, విరిగి కూర్చుంటుంది," అన్నాడు హార్లన్.

"ఒమర్, ఎక్కి కూర్చో."

ఒమర్ కూర్చున్నాడు. గట్టు కిర్రుమంది, విరగలేదు.

"చెక్కే ఆగింది, అసలు ఓడలో ఇనుము ఆగదా?" అంది మార్లీన్.

గోడ తుడిచారు. పంపుకి మళ్లీ సుద్ద పూసి, కింద గోనెపట్టా వేశారు. ముందు లాగడానికి సన్నటి మనిషి కావాలి. అందరూ హార్లన్ వైపు చూశారు.

"నేనా?"

"అనుమానం ఉన్నవాళ్లే దగ్గర్నుంచి చూడాలి," అంది కమాండర్.

హార్లన్ మూతి ముడుచుకునే లాగాడు, వెనక నుంచి మార్లీన్ తోసింది. మలుపులో పంపు మెత్తగా తిరిగేసరికి, "ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, వస్తోంది, వస్తోంది!" అని తనకి తెలియకుండానే అరిచాడు. గట్టు అవతల ఒమర్ గరిటె పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, "పంపుగారికి ఏం వడ్డించమంటారు?" అన్నాడు.

"నవ్వించకురా, చెయ్యి జారితే అంటుతుంది!" నవ్వాపుకోలేక మార్లీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

పంపు తలుపు దాటింది. కమాండర్ గోడలన్నీ టార్చి వేసి వెతికింది. ఎక్కడా నీలం లేదు.

"బయటికొచ్చింది సరే. కొత్తది లోపలికీ వెళ్లాలిగా?" అంది.

అప్పటికే హార్లన్ గోనెపట్టా రెండో కొస పట్టుకుని ఉన్నాడు. "తొయ్యి మార్లీన్, ఆకలేస్తోంది."

అదీ వెళ్లింది. గట్టు మీదే పటం పరిచి కమాండర్ సంతకం పెట్టింది. సిరా ఆరకముందే మార్లీన్ పంపుకి ముందొక మనిషిని, వెనకొక మనిషిని పెన్సిల్‌తో గీసింది. ముందున్నవాడికి బట్టతల పెట్టింది. హార్లన్ రబ్బరు అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు.