వెనక అట్ట

పొద్దున్న ఎనిమిదింటికే క్రిస్టోఫర్ మాస్టారు కాలేజీలో తన గదిలో కూర్చుని ఓ కంపెనీ వార్షిక నివేదికను వెనక నుంచి చదువుతున్నారు. ముందు పేజీల్లో ఏముంటుంది మరి? ఛైర్మన్ నవ్వు, మొక్కలు నాటే ఫొటోలు. అసలు సంగతి చివర్లో, చీమల బారులాంటి సన్నక్షరాల్లో ఉంటుంది.

నానక్‌రామ్‌గూడ కాలేజీలో అకౌంటింగ్ చెబుతూ పద్నాలుగేళ్లుగా ఆయన చేసింది ఇదే. బక్కపలచటి మనిషి, మోచేతుల దగ్గర పలచబడ్డ చొక్కా, చెవిమీద ఎర్ర పెన్సిలు. నాయకుల చుట్టరికమున్న కంపెనీలు ఎన్నికల ఏడు తమ నష్టాన్ని ఓట్లు పడేదాకా దాస్తాయా అని రెండు వందల పన్నెండు కంపెనీల కాగితాలు తిరగేశారు. దాస్తున్నాయనే తేలింది.

బల్ల తుడుస్తున్న లచ్చమ్మ అలవాటు కొద్దీ నివేదికను తిప్పి ముందు అట్ట పైకి పెట్టింది.

“మళ్లీ తిప్పేశావా లచ్చమ్మా?”

“ఏంది సార్, మంచిగ బొమ్మలున్న దిక్కు ఇడిసిపెట్టి గీ చీమల దిక్కు జూస్తరు!”

“బొమ్మలు వాళ్లు చూపించాలనుకున్నవమ్మా. చీమలు చూపించక తప్పనివి.”

పదింటికి డైరెక్టర్ సంయుక్త వచ్చింది. కూర్చోలేదు. ఆయన తిరగేసిన వాటిలో ఒక కంపెనీ కాలేజీకి కొత్త భవనం కట్టిస్తోంది. దాని యజమాని తమ్ముడు ఎమ్మెల్యే.

“మీ వ్యాసంలోంచి ఆ ఒక్క పేరు తీసేయండి సార్. రెండొందల్లో ఒకటి పోతే ఏం మారుతుంది? మీ కాంట్రాక్ట్ ఇవాళ్టితో అయిపోతోంది. కొత్తది నా టేబుల్ మీదే ఉంది.”

యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఇంకో కాలేజీ పిలుస్తుందా? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం ఆయన ఆ పేరు తీసేసి మళ్లీ లెక్క కట్టారు. ఫలితం వెంట్రుకవాసి కూడా మారలేదు. పెరుగన్నం తిని, డబ్బా కడుక్కుని, ఎదుటి అద్దాల మేడల మీద ఎండను కాసేపు చూశారు. తర్వాత ఆ పేరును దాని చోట్లోనే పెట్టి, వ్యాసాన్ని పరిశోధన పత్రికకు పంపేశారు.

నాలుగింటికి ఆయన వెళ్లి సంయుక్త గది గుమ్మంలో నిలబడ్డారు.

“మీరన్నది నిజమేనండి. తీసేసినా ఏమీ మారలేదు.”

“అదే కదా సార్ నేను చెప్పింది!”

“అందుకే ఉంచేశానండి.”

ఆమె కోప్పడలేదు. బల్ల మీది కొత్త కాంట్రాక్ట్ కాగితాన్ని సొరుగులో పెట్టుకుంది, అంతే.

అయిదింటికి ఆయన మెడలోని కార్డు గేటు దగ్గర ఇచ్చేసి, డబ్బా సంచితో షేర్ ఆటోలో ఓ మూల సర్దుకు కూర్చున్నారు. ఆటో నార్సింగి వైపు వెళ్లిపోయింది.

మర్నాడు లచ్చమ్మ బల్ల తుడిచి, మిగిలిన నివేదికను ఎప్పటిలాగే ముందు అట్ట పైకి పెట్టింది. గుమ్మం దాకా వెళ్లింది. వెనక్కి వచ్చి తిప్పి పెట్టింది. పక్కనే ఆయన వదిలి వెళ్లిన, అరిగి అరిగి బొటనవేలంత మిగిలిన ఎర్ర పెన్సిలును ఆ వెనక అట్ట మీద ఉంచింది.