సీలు తీయని బొమ్మల సినిమాలు

మా ఆయన అద్దాల బీరువా నిండా కార్టూన్ సినిమాల డీవీడీలే. పాతవీ, కొత్తవీ, ఒక్కదానికీ సీలు తీయలేదు. తీస్తే విలువ పోతుందట! పిల్ల దగ్గరికొస్తే చాలు, "ముట్టుకోకు" అని కసురుతారు. నేనూ ఆయనకే వంత పాడతాను.

నిన్న ఆయన స్నేహితుడొచ్చి, నక్క బొమ్మ ఉన్న డబ్బా చూపించి, "దీని కథేంటి?" అన్నాడు. మా ఆయన డబ్బా తిప్పి, వెనకేం రాసుందో వెతికారు. ఆరేళ్ల మా పిల్ల మాత్రం గుక్క తిప్పుకోకుండా కథంతా చెప్పేసింది. మా ఆయన మురిసిపోయారు.

"ఎన్నిసార్లు చూశావమ్మా?" అన్నాడు స్నేహితుడు.

"చూళ్లేదు అంకుల్. అట్ట మీద బొమ్మ చూసి నేనే అల్లుకున్నా."

మాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ల నాన్న మొహం చూసి పిల్ల బెదిరిపోయింది.

"ముట్టుకోలేదు నాన్నా, ఒట్టు! అద్దంలోంచే చూశా."