అమ్మకం ఆర్డరు

పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం నడిపే బాలకిషన్‌కు ఒక్కటే దిగులు. మూడు తరాలుగా కూర్చుంటున్న ఆ మల్గీ, ఆ దుకాణం గది, తనది కాదు. తాత అద్దె కట్టాడు, తండ్రి కట్టాడు, తనూ కడుతున్నాడు. 2007లో దసరా వెళ్లాక యజమాని కబురు పెట్టి, దుకాణం అమ్మేస్తున్నాననీ, జనవరి నెలాఖరులోగా సొమ్ము తెస్తే నీకేననీ, లేకపోతే పక్క చెప్పుల దుకాణం వాడికిస్తాననీ చెప్పాడు. బాలకిషన్ దగ్గర సొమ్ముంది. అయితే అదంతా షేర్లలో ఉంది.

పదకొండేళ్లుగా ఆ షేర్లు కొనిపెట్టిందీ అమ్మిపెట్టిందీ కోఠీలో మేడ మీద చిన్న గదిలో కూర్చునే ప్రకాశం. కమీషన్ గట్టిగానే పిండుకునేవాడు గానీ, ఫోను రెండోసారి మోగకముందే ఎత్తేవాడు.

మధ్యలో శ్రీహరిరావు వచ్చాడు. గుంటూరు మనిషి, కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇంజనీరు. ఇంటిల్లిపాదికీ బట్టలు బాలకిషన్ దగ్గరే తీసేవాడు. ఆయనకూ షేర్ల పిచ్చి ఉండటంతో ఇద్దరికీ మాట కలిసింది. చదువుకున్నవాడంటే బాలకిషన్‌కు వల్లమాలిన గౌరవం. ఆ గౌరవమే అతని కొంప ముంచింది.

ఇంకా ఫోన్లేమిటండీ, ఇంటర్నెట్‌లో మీరే అమ్ముకోవచ్చు, కమీషన్ కూడా నాలుగో వంతే అన్నాడు రావు. ఏ కంపెనీ మంచిదో తానే తేలుస్తానన్నాడు. రెండో షిఫ్టు పడిన వారాల్లో పొద్దున పూట దుకాణానికొచ్చి, అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు కంపెనీలకు పరీక్ష పెట్టాడు. ఒక్కోదాంట్లో పది షేర్లు కొనడం, బటన్ నొక్కిన క్షణం నుంచి కొన్నట్టు తెర మీద పడేదాకా సెకన్లు లెక్కపెట్టడం, పుస్తకంలో రాసుకోవడం. ఇనుము విరగ్గొట్టి చూసే పెద్దమనిషి ఇంత శ్రద్ధగా చూస్తుంటే బాలకిషన్ మురిసిపోయి టీల మీద టీలు తెప్పించాడు. మూడో కంపెనీ రెండు సెకన్లు దాటలేదు. అందులో చేరండి, రెండుచోట్ల ఖాతా దండగ, ప్రకాశం దగ్గరిది మూసెయ్యండి అని తేల్చేశాడు రావు. మూసేసే రోజు కోఠీ దాకా తోడు కూడా వచ్చాడు. ప్రకాశం కాగితాలు తీసి సంతకాలు పెట్టించుకున్నాడు.

జనవరి ఇరవై ఒకటి, సోమవారం. నిజానికి బాలకిషన్ ముందువారమే అమ్మాల్సింది. ఇంకో నాలుగు రోజులు ఆగితే రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా వస్తాయని ఆశపడ్డాడు. ఆ పొద్దున మార్కెట్ తెరవడంతోనే పాతాళం దారి పట్టింది. అన్నీ అమ్మెయ్యాలని బటన్ నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టి తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. కంపెనీ నంబరుకు చేస్తే పాట వినిపించారు. పదిన్నరకు రావుకు చేస్తే, నాకూ తెరుచుకోవడం లేదండీ, ఓపిక పట్టండి అన్నాడు. బాలకిషన్ సాయంత్రం మార్కెట్ మూసేదాకా ఓపిక పట్టాడు. మర్నాడు ఎలాగో అమ్ముడుపోయేసరికి మూడో వంతు సొమ్ము ఆవిరైంది. యజమాని ఒక్క వారం కూడా ఆగలేదు. మల్గీ చెప్పుల దుకాణం వాడి పేరు మీదికి వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో బాలకిషన్ సిగ్గు చంపుకుని మళ్లీ ఖాతా తెరిపిద్దామని కోఠీ వెళ్లాడు. ప్రకాశం జాలిగా చూసి కూర్చోమన్నాడు.

"మీ రావు సాబ్ మంచిగ బయటపడ్డడు భాయ్. ఆ సోమవారం పదింటికే ఫోన్ చేసిండు. రెండు నిమిషాలల్ల మొత్తం అమ్మి పెట్టిన."

రావుకు ఇక్కడ ఖాతా ఎక్కడిదని బాలకిషన్ అడిగాడు.

"మీరు మూసిన మర్నాడే తెరిచిండు గద. మీకెరుకనే అనుకున్న."

అక్కణ్నుంచి బాలకిషన్ స్కూటరు నేరుగా కంచన్‌బాగ్ పోనిచ్చి, ఫ్యాక్టరీ గేటు ముందు రెండో షిఫ్టు వేళ దాకా ఎండలో నిలబడ్డాడు. రావు వచ్చాడు. విషయం విని బుకాయించలేదు. ఫ్యాక్టరీలో ఏ యంత్రానికైనా పక్కన ఇంకోటి పెట్టుకుంటామనీ, అది తన అలవాటనీ చెప్పాడు.

"మరి నాదెందుకు మూయించిన్రు సాబ్?"

రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ప్రకాశం గారిది ఒక్కటే ఫోనండీ. మార్కెట్ పడిన రోజు మీరు ముందు చేశారనుకోండి. మీదేమో పెద్ద ఆర్డరు. అదయ్యేదాకా నాకు లైను దొరకదు."

ఆ గొంతులో సిగ్గు లేదు, కనీసం తడబాటు లేదు. ఫ్యాక్టరీలో పైవాడికి రిపోర్టు చదివినట్టు చెప్పాడు. బాలకిషన్‌కు ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం ఏడుపు లాంటి మాట.

"ఆ నాలుగు కంపెనీలు నా కోసమే చూస్తున్నరనుకున్న."

"మీ కోసమే చూశానండీ," అన్నాడు రావు. "నా కోసం ప్రకాశాన్ని చూసుకున్నాను."

సైరన్ మోగింది. ఆలస్యమైతే సగం రోజు జీతం కోస్తారంటూ రావు లోపలికి వెళ్లిపోయాడు. బాలకిషన్ స్కూటరు తిప్పాడు. దుకాణం ఖాళీ చెయ్యడానికి చెప్పుల దుకాణం వాడిచ్చిన గడువు ఇంకా పన్నెండు రోజులుంది.