చెలమ పక్కన బండ

ఎల్లక్క గుట్ట ఎక్కేసరికి మగవాళ్ళంతా ముందే చేరి ఉన్నారు. అరణ్య శాఖ నుంచి గురునాథ్, రెవెన్యూ నుంచి మేఘన పరిశీలనకు వచ్చారు. చోరనూరు దాపున ఉన్న ఈ గుట్టలో తేనె, సీతాఫలాలు, చీపురుగడ్డి తెచ్చుకొని నలభై ఇళ్ళవాళ్ళు బతుకుతున్నారు. గుట్ట మీద హక్కుపత్రం కోసం రెండుసార్లు అర్జీ పెట్టుకున్నారు. రెండుసార్లూ పాత ఆనవాళ్ళు లేవని తిప్పి పంపారు. మూడోసారీ అదే మాటంటే గుట్టకు కంచె పడుతుంది. ఆ తర్వాత లోపల కాలు పెట్టినవాడల్లా దొంగే.

అర్జీ రాయించింది ఎల్లక్క బావగారు తిప్పన్న. డెబ్బై ఏళ్ళ మనిషి, పన్నెండేళ్ళుగా ఆ కాగితాల సంచి మోస్తున్నాడు.

"ఇల్లు లేదు, గుడి లేదు, గోడ లేదు. ఏం రాయాలప్పా?" అన్నాడు గురునాథ్.

"యాడ పొయ్యి పెట్టుకుంటే ఆడనే రాళ్ళు చెదరగొట్టి వస్తాం సార్. గుట్టను ఎంగిలి చేయగూడదని మా పెద్దోళ్ళ మాట," అన్నాడు తిప్పన్న.

శుభ్రంగా బతకడం కూడా తప్పయిపోయింది. ఎల్లక్కకు ఒళ్ళు మండింది. ఆఫీసు మీద కంటే ఇంటి మగవాళ్ళ మీద ఎక్కువ మండింది. బిడ్డను చంకలో పెట్టుకొని ఊరంతా వెతికినట్టు పన్నెండేళ్ళు తిరిగారే గాని, ఒక్కనాడైనా ఆడవాళ్ళను అడిగారా? అడిగినా ఆమె చెప్పేది కాదేమో. చెలమ పక్కనున్న బండ కింద ఉన్నది మగవాడి కంట పడకూడదు.

"మేడమ్మా, నువ్వొక్కతివే రా," అంది.

ఇద్దరూ కలిసి బండ జరిపారు. కింద గుంత నిండా గాజులు. కోడలై వచ్చిన ప్రతి ఆడదీ ఆ చెలమలో తొలిసారి నీళ్ళు ముంచుకునే రోజు అక్కడొక గాజు వదలాలి. పైన ప్లాస్టిక్‌వి, వాటి కింద మట్టిగాజులు, అడుగున ముట్టుకుంటే పొడి రాలే లక్కగాజులు. మేఘన ఫోటో తీయబోయి, ఫోను మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"ఉన్నాయి సార్! చాలా తరాలవి!" అని కేకేసింది.

"నా కళ్ళతో చూడకుండా సంతకం ఎట్ల పెట్టేది మేడం?"

అతని మాటా న్యాయమే. ఎల్లక్క గుంతలోకి చూసింది. అత్త బతికుంటే ఈ పనికి నాలుగు తిట్టేది. గుట్ట పోగొట్టుకొని వస్తే మాత్రం జన్మలో మొహం చూసేది కాదు.

"రాప్పా, చూడు," అంది.

ఆ మాట వింటూనే తిప్పన్న గుంతకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఊరి మగవాళ్ళంతా అట్లే తిరిగారు. గురునాథ్ చెప్పులు విడిచి వచ్చి, వంగి చూసి, రాసుకోసాగాడు. ఎల్లక్కకు తల కొట్టేసినట్టయింది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"ఎల్లక్కా," అని తిప్పన్న తిరగకుండానే పిలిచాడు. అతని భార్య సుంకలమ్మ పోయి ఆరేళ్ళయింది. "మీ అక్కది గూడా ఉండాదా ఆడ?"

"ఉండాది బావా. పచ్చది. నా దాని పక్కనే ఉండాది."

కాగితాల సంచి తిప్పన్న చంకలోనే ఉంది.

"అదీ రాసుకొమ్మను," అన్నాడు.