రాళ్లవానలో పెళ్లిచూపులు

మా ఆడబిడ్డ యాకమ్మకు మెల్లగా నడవడం రాదు. మొదట వచ్చిన సంబంధం వాళ్లు ఆ నడక చూసే వెనక్కి పోయారు. అందుకే ఎనభై నాలుగులో, ఉగాది ముందు, మడికొండ వాళ్లు వస్తున్నారనగానే నేనే దానికి కాపలా ఉన్నాను.

"తల వంచుకొని మెల్లగ నడువు. ఉరికినవంటే కాళ్లు ఇరగ్గొడ్త" అన్నాను.

"సరే వదినె" అంది. దాని సరే సంగతి నాకు తెలుసు.

పెళ్లికొడుకు మొగిలి, వాళ్లమ్మ సమ్మమ్మ చాప మీద కూర్చున్నారు. ఇంటి వెనక కల్లంలో ఏడాది కష్టమంతా ఎర్రగా ఎండుతోంది, మిర్చి.

"జర అటిటు నడువు బిడ్డా, చూస్త" అంది సమ్మమ్మ.

యాకమ్మ రెండడుగులు వేసిందో లేదో, ధర్మసాగర్ వైపు నుంచి గాలిదుమారం లేచింది. పెంకుల మీద టపటపా వడగళ్ల రాళ్లు పడ్డాయి. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. విదిలించుకుని, పట్టుచీర ఎగ్గట్టి కల్లంలోకి ఒకటే పరుగు. ఈ సంబంధమూ పోయిందని నాకు ఏడుపొచ్చింది.

సమ్మమ్మ లేచింది. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. ఆమె మా రోకలి తీసి వాకిట్లో పడేసింది. రాళ్లు ఆగాలని మా వైపు అందరూ చేసే పనే. తర్వాత కొంగు నడుముకు చుట్టింది.

"ఇంక కూసున్నవేందిరా, నడువు" అని కొడుకును గదిమింది.

అందరం మిర్చి కుప్ప చేసి పైన తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కప్పి, తలా ఒక కొస పట్టుకున్నాం. గాలి దాన్ని ఊడబెరుకుతోంది. మా ఆయన వెంకటయ్య కొస జారింది. మొగిలిదీ, సమ్మమ్మదీ జారాయి. నేనైతే నెత్తిన రాయి పడగానే వదిలేసి అరుగెక్కాను. యాకమ్మ మాత్రం తాటిపత్రి మీద బోర్లా పడి గట్టిగా పట్టుకుంది.

రోకలికి భయపడో, విసుగొచ్చో, కాసేపటికి రాళ్లు ఆగాయి. మిర్చి దక్కింది. అందరికీ ఒకటే తుమ్ములు. మొగిలి ఆ చేతులతోనే కళ్లు నులుముకున్నాడు. ఇక తెరవలేకపోయాడు. యాకమ్మ తడిగుడ్డ తెచ్చి చేతికిచ్చింది.

"పిల్ల నచ్చిందారా?" అడిగింది సమ్మమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

"కండ్లు మండుతానయే అవ్వా, సక్కగ చూడనే లేదు. కానీ మేమందరం ఇడిసినం, ఆమె ఒక్కతే ఇడువలేదు. నాకీ పిల్లనే కావాలె."

అప్పుడు యాకమ్మ తల వంచుకుంది. నేను నేర్పినట్టే, మెల్లగా లోపలికి నడిచింది.