పిసినారి రాసిన రిపోర్టు

ఆఫీసులో అందరూ అతన్ని పిసినారి అనేవారు. డబ్బు విషయంలో కాదు, కోడ్ విషయంలో. మిగతావాళ్లు పేజీలకు పేజీలు దంచే పనిని అతను ఫంక్షనల్ రకం కంప్యూటర్ భాషలో, ఒక్కో పని చేసిపెట్టే చిన్న చిన్న ఫంక్షన్లతో ముగించి, కాళ్లు బార్లా చాపుకుని కూర్చునేవాడు. ల్యాబుల్లో మెషీన్లు పంపే ఫలితాలను ఏ కంప్యూటరైనా చదవగలిగే ఎక్స్‌ఎమ్‌ఎల్ డాక్యుమెంట్లుగా మార్చి డాక్టర్లకు చేరవేసే ప్రోగ్రాం అతనిదే. తెరిచిన ట్యాగును, అంటే ఫలితానికి ముందూ వెనకా పెట్టే పేరు చీటీని, మూసే పని కూడా ఫంక్షనే చూసుకుంటుంది కాబట్టి, తప్పు దొర్లే సందే లేదని అతని ధీమా.

అందులో అతనికి ప్రాణమైన లైను ఒకటుంది. అంకె వస్తే దానికో ట్యాగు కట్టు, అంకె కానిది వస్తే వదిలేయ్. ఖాళీ ట్యాగు కనిపిస్తే అతనికి కంట్లో నలుసు పడ్డట్టుండేది. ఆ లైను చూపించి కొత్తగా చేరినవాళ్లకు క్లాసులు పీకేవాడు. అంకె కానిది అసలెందుకు వస్తుందని మాత్రం ఏ ల్యాబువాళ్లనూ అడిగిన పాపాన పోలేదు. తెలివైనవాళ్లతో చిక్కే అది, అడగడం నామోషీ.

తల్లి పోయాక అతన్ని పెంచింది పిన్ని. ఆవిడ ఒంట్లో నలతగా ఉందని పరీక్షలు చేయించుకుంది. కాలేయానికి చేసిన పరీక్షలో ఫలితం మెషీన్ కొలవగలిగిన దాన్ని మించిపోయింది. మెషీన్ అంకెకు బదులు ‘పరిమితి దాటింది’ అని మాటల్లో పంపింది. అంకె కాదు గదా, అతని ఫంక్షన్ వదిలేసింది. డాక్యుమెంటు వంక పెట్టడానికి లేకుండా వెళ్లింది. డాక్టరు తెర మీద ప్రమాదమని ఎర్రగా ఏదీ కనపడలేదు. బలానికి మాత్రలు రాసిచ్చి పంపేశాడు.

నెలలు గడిచి పిన్ని మంచం పట్టింది. ఇక చేయగలిగింది లేదని ఆసుపత్రిలో తేల్చేశాక, అతనికి అనుమానం వచ్చి పాత ఫలితాలు తీసి చూశాడు. మెషీన్ పంపినదాంట్లో ఆ మాటలున్నాయి. తన డాక్యుమెంటులో లేవు. రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాడు. తర్వాత ఆ లైను మార్చాడు, పైవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ల్యాబులన్నిటికీ కబురు వెళ్లింది.

మర్నాడు వార్డు బయట బెంచీ మీద బాబాయికీ చెప్పాడు.

“అప్పుడే తెలిసుంటే?” అన్నాడు బాబాయి.

“బతికేదేమో బాబాయ్.”

బాబాయి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “ఇంటిపక్కనే ఇంకో ల్యాబుందిరా. అక్కడ చేయిద్దామంటే మీ పిన్ని వింటేనా. మావాడి ప్రోగ్రాం ఉన్నచోటికే పోదాం అని మొండికేసింది.”

అతనికి ఏడుపు ఆగలేదు. “లోపలికెళ్లి చెప్పేస్తాను.”

“వద్దు. నీ బరువు దించుకోవడానికి దాని నెత్తిన పెడతావా? వార్డంతా నీ గొప్పలే చెప్పుకుంటోంది. ఆ ఒక్కటన్నా దానికి మిగలనీ.”

అతను లోపలికి వెళ్లేసరికి నర్సు కొత్త రిపోర్టు చూస్తోంది. పిన్ని తల కొద్దిగా తిప్పింది.

“ఇదీ నీ ప్రోగ్రాం ఇచ్చిందేనా నాన్నా?”

“అవును పిన్నీ.”

ఆవిడ మొహం విప్పారింది. “చూశావా అమ్మాయ్,” అంది నర్సుతో, “మావాడు ఒక్క ముక్క కూడా వదిలిపెట్టడు.”

అతను దుప్పటి సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు.